ఇంటి ఉప్పు

17 అక్టోబరు 2023

ఈ ఉదయం పాల పాకెట్ మీద తేదీ రెండుసార్లు అచ్చయి ఉంది, ఒకదాని మీద ఒకటి. ఒకటి ఇవాళ్టిది, ఒకటి రేపటిది. హాస్టల్ వార్డెన్ ఆంటీకి చూపిస్తే, "ఏదో ఒకటి కరెక్టే అయ్యుంటదిలే, కాగబెట్టు" అంది. ప్రూఫులు దిద్దే ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నా కళ్ళకి ఇలాంటివే కనిపిస్తున్నాయి.

ఆఫీసులో ఉండగా శౌరయ్య బాబాయి ఫోన్ చేశాడు. కింద గవర్నర్‌పేట రోడ్డు మీద ఆటోల మోత. వినిపించక మెట్ల మలుపులోకి వెళ్ళాను.

"అమ్మలూ, ల్యాబ్ నుంచి రిపోర్టొచ్చిందంట. అంతోని కడుపులో పురుగుమందు ఉందంట."

"ఎవరు చెప్పారు?"

"స్టేషనోళ్ళే. శాలినిని తీస్కపోయారు. కుట్టుమిషన్ మీద కూచుని ఉందా, మెళ్ళో టేపు కూడా తియ్యనియ్యలా."

వెనక్కి వచ్చి మిగిలిన పేజీలు దిద్దాను. ఒక్క తప్పు కూడా కనిపించలేదు. రేపు మళ్ళీ మొదటి నుంచి చూడాలి.

అంతోని అన్నయ్య పోయింది జూన్‌లో. నిద్రలోనే పోయాడు. ఇన్నాళ్ళూ గుండె అనుకున్నాం.

18 అక్టోబరు

సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. కంకిపాడులో బస్సు దిగి పేపరు కొన్నాను. జిల్లా పేజీలో పడింది. "భర్తకు అన్నంలో విషం." శాలిని వదిన ఫోటో వాళ్ళ పెళ్ళి ఆల్బంలోది. కత్తిరించగా అన్నయ్య భుజం కొంచెం మిగిలింది.

అమ్మ వసారాలో కూర్చుని ఉంది. "నేను ముందే అన్నాను" అంది.

ఇంతకుముందు అమ్మ ఎప్పుడూ ఏమీ అనలేదు. ఈ నాలుగు నెలలూ అమ్మా వదినా ఒకే గదిలో పడుకున్నారు. అమ్మ మోకాళ్ళకి రోజూ నూనె రాసింది వదినే.

సాయంత్రం పక్కింటి రావమ్మ గారు వచ్చారు. "ఆ రోజే చూశానమ్మా సువార్తమ్మా, నోటెంబడి నురగ. చెప్తే ఏమనుకుంటారోనని ఊరుకున్నా."

అన్నయ్య ముఖం తుడిచింది నేను. నురగ లేదు. తువ్వాలు కూడా గుర్తుంది, నీలం అంచుది. నురగ లేదనే గుర్తు.

19 అక్టోబరు

సీఐ గారు ఇంటికే వచ్చారు. మర్యాదగా మాట్లాడారు. మొగుడూ పెళ్ళాల మధ్య గొడవలుండేవా అని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు. చెప్పాను.

వదిన విజయవాడలో టైలరింగ్ షాపు పెడదామనేది. అన్నయ్య వద్దనేవాడు. అన్నయ్య పోయే ముందు సాయంత్రం కూడా, నేను ఇంటికి వచ్చి ఉన్నప్పుడే, అదే మాట మీద కేకలేసుకున్నారు. "నేను చచ్చేదాకా ఈ ఊళ్ళో జాకెట్లకి కాజాలు కుట్టుకుంటా ఉండాల్సిందే, నువ్వు పోతేగానీ నాకు విజయవాడ లేదు" అంది వదిన. ఆ తర్వాత అందరికీ అన్నం పెట్టింది.

"నువ్వు పోతేగానీ, అన్నదన్న మాట" అని సీఐ గారు రాసుకున్నారు.

"అందరిళ్ళల్లో అనుకునే మాటే కదండీ" అన్నాను.

"అందరిళ్ళల్లో రిపోర్టు రాదు కదమ్మా."

20 అక్టోబరు

నేను నిజమే చెప్పాను.

2 నవంబరు

సమాధుల పండుగ. బాబాయి అన్నయ్య సమాధికి సున్నం వేయించాడు. బంతిపూల దండ, అగరొత్తులు, కొవ్వొత్తులు. గాలికి కొవ్వొత్తులు ఆరిపోతుంటే అమ్మ చేతులు అడ్డం పెట్టి కూర్చుంది. ఫాదర్ గారు నీళ్ళు చల్లుతూ మా దగ్గరికి వచ్చినప్పుడు జనం కొంచెం వెనక్కి జరిగి చోటిచ్చారు. పోయిన నెలదాకా మేం గుండెపోటు వాళ్ళం. ఇప్పుడు వేరు.

ఇంటికి వస్తుంటే అమ్మ అంది: "సైన్సు లేకపోతే మనకి ఎప్పటికీ తెలిసేది కాదు." అమ్మ నోట ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు.

11 డిసెంబరు

కానిస్టేబుల్ పరీక్షల గైడు ప్రూఫులు. ప్రశ్న: నేర విచారణలో అత్యంత విశ్వసనీయమైన సాక్ష్యం ఏది? ఎ) ప్రత్యక్ష సాక్షి. బి) శాస్త్రీయ నివేదిక. సి) నేరాంగీకారం. డి) పరిస్థితులు. జవాబు: బి.

అక్షర దోషాలు లేవు. టిక్కు పెట్టి పంపాను.

4 ఫిబ్రవరి 2024

వదినకి బెయిలు రెండోసారి కూడా రాలేదు. వదిన తరఫున పరుగెత్తడానికి ఎవరూ లేరు. తల్లీ తండ్రీ పోయారు, తమ్ముడు ఫోన్ ఎత్తడం మానేశాడు.

ములాఖత్‌కి వెళ్ళాను. అమ్మకి చెప్పలేదు. చదువుకుంటుందని ఒక పుస్తకం పట్టుకెళ్ళాను, లోపలికి పంపనివ్వలేదు.

"వచ్చావా, ఆడబడుచు గారూ" అంది జాలీకి అవతల నుంచి. "ఏంటట్టా చిక్కిపోయావ్? జైల్లో ఉంది నేనా నువ్వా?"

నవ్వాలో వద్దో తెలియలేదు.

"ఇక్కడ అందరి జాకెట్లూ నా చేతి మీదే. వార్డరమ్మది కూడా. చంకలో పట్టేస్తందని గోల పెట్టేది. ఇప్పుడు నన్ను బయటికి పంపిస్తారంటే ఆవిడే అడ్డం పడిద్ది." ఆమే నవ్వింది. "అత్తమ్మ మోకాళ్ళు ఎట్టున్నయ్?"

"అలాగే ఉన్నాయి."

పక్కన ఎవరో ముసలాయన కూతురిని కేకలేస్తున్నాడు.

"నువ్వు నమ్మావా క్రిస్టీ?"

"రిపోర్టు వచ్చింది కదా వదినా."

కోప్పడుతుందనుకున్నాను. తల ఊపింది. "అదే. నేనూ అదే అనుకుంటా. ఆ రోజు బెండకాయలు తెచ్చా సంతలో. వాటి మీద మందు కొట్టారేమో, సరిగ్గా కడిగానో లేదో అని ఒకటే ఆలోచన. కడిగాననే గుర్తు. మరి రిపోర్టులో ఎట్టా వచ్చిద్ది? నాకు తెలీకుండా ఏదో చేసే ఉంటా."

ఆ బెండకాయలు మనం అందరం తిన్నాం కదా అని నాకు తిరుగు బస్సులో కూర్చున్నాక తట్టింది.

పోలీసులు అన్నయ్య కంచంలో మాత్రమే కలిపిందంటున్నారు.

29 మార్చి

గుడ్ ఫ్రైడే. సిలువ మార్గంలో అమ్మ మోకాళ్ళ మీద నిలబడలేకపోయింది. ఎవరూ నూనె రాసేవాళ్ళు లేరు. నేను రాస్తానంటే వద్దంది.

9 జూన్

అన్నయ్య ఏడాది పూజ. పూజ అయ్యేసరికి వాన మొదలైంది, ఈ ఏడు తొందరగానే. భోజనాలకి వచ్చినవాళ్ళు పాత్రలు నెత్తిన పెట్టుకుని పరిగెత్తారు. వాన వెలిశాక అమ్మ, "కొబ్బరిచెట్లకి ఉప్పెయ్యాలి, పాకలో ఉంది పట్రా" అంది. ఏటా తొలివానకి వేస్తాం.

పాకలో స్ప్రేయరు పక్కన సంచి ఉంది. తెల్లటి ప్లాస్టిక్ సంచి. దాని మీద ఎర్ర గుర్తు, పుర్రె బొమ్మ. వరికి చల్లే గుళికల మందు సంచి.

"అమ్మా, ఇది మందు సంచి."

"మందెప్పుడో అయిపోయింది. ఉప్పు గోనె ఎలకలు కొరికితే ఇందులోకి మార్చా. దులిపే పోశాలే. చెట్లకేగా, మనమేవన్నా తింటామా?"

"ఎప్పుడు మార్చావు?"

"పోయినేడు ఎండాకాలం. వాడే పట్టుకున్నాడు సంచి మూతి." వాడంటే అన్నయ్య.

చేట నిండా తీశాను. కల్లుప్పు మధ్య గోధుమరంగు రవ్వలు. ఇసుక కావచ్చు.

అన్నయ్య పోయిన రోజు ఆసుపత్రిలో పోస్టుమార్టం చెయ్యాలన్నారు. తెచ్చేసరికే పోయిన మనిషి కాబట్టి తప్పదన్నారు. ముందు సంతకం పెట్టింది వదినే. మార్చురీ అతను మూతలున్న డబ్బాలూ, ఉప్పూ తెచ్చుకోండి అన్నాడు. లోపలి భాగాలు ల్యాబ్‌కి వెళ్ళేదాకా చెడిపోకుండా ఉప్పులో వేస్తారట. అన్నయ్య ఆధార్ కార్డు కోసం బాబాయీ నేనూ ఇంటికి వచ్చాం. ఉప్పు కొట్లో కొందామంటే, "ఇంట్లో బస్తా పెట్టుకుని కొనేదేంటి" అన్నాడు బాబాయి. పాకలోకి వెళ్ళి చేటతో తీశాడు. కవరు పట్టుకుంది నేను. సంచి మీద ఏముందో అప్పుడు చూడలేదు.

10 జూన్

ఉప్పే కదా.

11 జూన్

ఆఫీసు కంప్యూటర్లో చదివాను. ఏ ఉప్పులో వేశారో ఆ ఉప్పు కొంచెం విడిగా కూడా ల్యాబ్‌కి పంపుతారు. దాన్నీ పరీక్షిస్తారు. ఉప్పులోనే మందు ఉంటే అక్కడ తెలిసిపోతుంది. అలా జరగకూడదనే ఆ పద్ధతి పెట్టారు.

కాబట్టి ఏమీ లేదు. కాబట్టి రిపోర్టు సరైనదే. చాలా తేలికగా అనిపించింది. సాయంత్రం పునుగులు కొనుక్కుని తిన్నాను.

16 జూన్

అయినా బాబాయిని అడుగుదామని హనుమాన్ జంక్షన్ వెళ్ళాను. ఆయన టైర్ల కొట్టు అక్కడే, హైవే పక్కన. లారీ చక్రం విప్పుతున్నాడు. "నువ్వా? ఏంటమ్మలూ ఇంత దూరం, పెళ్ళి సంబంధం నచ్చలేదని చెప్పడానికా?" అన్నాడు. సంబంధమేమీ లేదు. ఎప్పుడూ ఇలాగే అంటాడు.

"బాబాయ్, ల్యాబ్‌కి ఉప్పు విడిగా పంపారా?"

"పంపకేం. తర్వాత కానిస్టేబుల్ ఫోన్ చేశాడుగా, ఆ రోజు ఇచ్చిన ఉప్పు కాస్త పొట్లం కట్టి పట్రమ్మని. హాస్పిటల్లో తియ్యడం మర్చిపోయారంట. నేనే ఇచ్చొచ్చా."

"పాకలో ఉప్పేనా?"

"ఛ, అదెట్టా ఇస్తాం? మట్టి మట్టిగా ఉంది. పెద్ద పెద్ద ఆఫీసర్లు చూసేది, ఏం మనుషులురా ఈళ్ళు అనుకోరూ? కంకిపాడులో మంచి పాకెట్ కొని, విప్పి, తెల్ల కాయితంలో పొట్లం కట్టిచ్చా."

ఆ పొట్లం ఎంత నీటుగా కట్టాడో చేతులతో చూపించాడు. నా ముఖం చూసి ఆగాడు.

"ఏం? ఉప్పు ఉప్పేగా?"

చెప్పాను. సంచి సంగతి, పొట్లం సంగతి. లారీ డ్రైవరు టీ తాగుతూ వింటున్నాడని గొంతు తగ్గించాను. బాబాయి చేతులకున్న గ్రీజు చాలాసేపు తుడుచుకున్నాడు.

"నా దగ్గరన్నావు సరే. ఇంకెక్కడా అనమాక. సాక్ష్యం మార్చానని నన్ను లోపలేస్తారు. ఇద్దరాడపిల్లలు నాకు."

"వదిన లోపల ఉంది బాబాయ్."

"రిపోర్టు తప్పయితే అంత చదువుకున్నోళ్ళకి తెలీదంటావా?"

బస్సు దాకా వచ్చి ఎక్కించాడు. బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడ్డాడు.

17 జూన్

ఏమీ రాయాలని లేదు.

1 జూలై

వదినకి కోర్టు పెట్టిన వకీలు తిరుపతిరావు గారి గది మా ఆఫీసుకి రెండు వీధుల అవతల, ఒక లాడ్జి పైన. మెట్ల దాకా చాలాసార్లు వెళ్ళి వచ్చేశాను. ఇవాళ లోపలికి వెళ్ళాను.

"మీరు అటువైపు సాక్షి. నా దగ్గరికి రాకూడదమ్మా" అన్నారు టిఫిన్ పొట్లం విప్పుతూ. తర్వాత, "వచ్చారుగా, కూర్చోండి. ఇడ్లీ తింటారా?"

మొత్తం చెప్పాను. ఇడ్లీ ముక్క చేతిలో అలాగే ఉండిపోయింది ఆయనకి.

"ఈ కేసులో నాకు అడగడానికి ప్రశ్నే లేదమ్మా ఇన్నాళ్ళూ. డాక్టరు గారు కారణం తెలియదు, ల్యాబ్ రిపోర్టు వచ్చాక చెప్తామని రాశారు. రిపోర్టు వచ్చింది, పురుగుమందు వల్ల అని రాశారు. అంతే."

"మళ్ళీ పరీక్ష చేయిస్తే?"

"మిగిలింది పారేశారు. అడిగాను."

"పరీక్ష చేసినాయన్ని అడిగితే?"

"ఆయన రానక్కర్లేదు. సంతకం వస్తే చాలు, చట్టమే ఒప్పుకుంటుంది. మీరూ, డాక్టరు గారూ, మీ బాబాయీ అందరూ బోనెక్కాలి. ఆ కాగితం మాత్రం ఎక్కదు. పిలిపించమని పిటిషన్ వేస్తా, చూద్దాం." చెయ్యి కడుక్కుని వచ్చారు. "మీ బాబాయి చెప్తాడా?"

"చెప్పరండి."

"మరి మీరు?"

కాన్వెంట్‌లో ఎలక్యూషన్ పోటీకి నన్ను స్టేజీ ఎక్కించారు ఒకసారి. రెండో వాక్యం దగ్గర ఆగిపోయి, సిస్టర్ వైపు చూసి, దిగి వచ్చేశాను. అది చెప్దామనుకున్నాను ఆయనకి.

"నేను అడిగితేనే చెప్పండి. అడగనిది చెప్పకండి. రెండు ముక్కలు, అంతే" అన్నారు.

14 జూలై

అమ్మకి చెప్పాను. చెప్పకుండా కోర్టులో చెప్పడం న్యాయం కాదనిపించింది.

"నా ఉప్పా? నా కొడుకుని నా ఉప్పు చంపిందా?"

"చంపలేదమ్మా. ఉప్పు వేసింది అన్నయ్య పోయాక. అన్నయ్య మందు వల్ల పోలేదేమో అంటున్నాను."

"మరి దేంతో పోయాడు?"

"తెలియదు."

"తెలియదంటే ఎట్టా? ముప్ఫై మూడేళ్ళోడు. రాత్రి అన్నం తిని పడుకున్నోడు. ఊరికే పోతాడా?"

అమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి నిలబడింది.

"రిపోర్టు ఏదో ఒకటి చెప్పింది. నువ్వేం చెప్తున్నావు నాకు? చెప్పు."

తిరిగి వచ్చేటప్పుడు పాకలోకి చూశాను. సంచి లేదు. మిగిలిన ఉప్పు అమ్మ చెట్లకి వేసేసి, సంచి కాలవలో పడేసిందట. మంచం మీద అటు తిరిగి పడుకుని ఆ మాట చెప్పింది.

15 జూలై

అమ్మ కావాలని చెయ్యలేదు. వానాకాలం, ఉప్పు నీరు కారుతుందని వేసేసి ఉంటుంది.

8 సెప్టెంబరు

విజయవాడ వరద నీళ్ళలో ఉంది ఈ వారమంతా. హాస్టల్‌లో కరెంటు లేదు. నీళ్ళు తగ్గిన వీధుల్లో ఇళ్ళ గోడల మీద గీత, ఎంత ఎత్తున వచ్చాయో. కోర్టు వాయిదా పడింది. నాకు సంతోషం కలిగింది. రాసి ఉంచుతున్నాను.

19 ఫిబ్రవరి 2025

ఇవాళ అయిపోయింది.

వదిన ఒక పక్కన నిలబడి ఉంది, కానిస్టేబులమ్మ పక్కన. పసుపు చీర. జాకెట్ చక్కగా కుదిరింది. నన్ను చూసి కనుబొమలు ఎగరేసింది, ధైర్యంగా ఉండు అన్నట్టు.

బాబాయి నాకంటే ముందు సాక్ష్యం చెప్పాడు. కానిస్టేబుల్‌కి ఇచ్చిన ఉప్పు ఎక్కడిదని తిరుపతిరావు గారు అడిగితే, "గుర్తు లేదండి" అన్నాడు. మళ్ళీ అడిగితే, "పెద్దోణ్ణయిపోయానండి" అన్నాడు. ఆయనకి యాభై రెండు.

నన్ను ముందు ప్రభుత్వ వకీలు అడిగారు. గొడవ సంగతి. "నువ్వు పోతేగానీ" అన్నదా లేదా? అన్నదండి. తర్వాత తిరుపతిరావు గారు లేచారు.

"పోస్టుమార్టం రోజు ఉప్పు ఎక్కడి నుంచి వెళ్ళింది?"

"మా ఇంటి పాకలో సంచి నుంచండి."

"గట్టిగా చెప్పమ్మా" అన్నారు జడ్జి గారు. ఆవిడ అద్దాలు తీసి నా వైపు చూస్తున్నారు.

"మా ఇంటి పాకలో సంచి నుంచండి. కవరు నేను పట్టుకున్నాను."

"అది దేని సంచి?"

"గుళికల మందు సంచండి."

టైపు చేసే అతను ఆగి నన్ను చూశాడు. వెనక బెంచీలో ఎవరో దగ్గారు. తెల్ల పాకెట్ సంగతి కూడా చెప్పాను, బాబాయి నాతో అన్న మాటలన్నీ. ఆయన గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ప్రభుత్వ వకీలు మళ్ళీ లేచారు. "మీరేం చదివారు?"

"ఎంఏ ఇంగ్లీషండి."

"కెమిస్ట్రీ చదివారా?"

"ఇంటర్ వరకు కూడా లేదండి."

"అంటే ల్యాబ్‌లో శాస్త్రవేత్తలు తప్పు, మీరు కరెక్టు."

"వాళ్ళు తప్పని అనడం లేదండి. వాళ్ళకి పంపిన దాంట్లో ఏముందో అదే చెప్పి ఉంటారు."

"ఆ సంచి ఉందా?"

"లేదండి."

"ఎక్కడుంది?"

అమ్మ పేరు చెప్పాలి. "కాలవలో పడేశారండి" అన్నాను. ఎవరు అని ఆయన అడగలేదు.

దిగి బయటికి వచ్చాను. గేటు దగ్గర బాబాయి బండి స్టార్ట్ చేస్తున్నాడు. ఎక్కమంటాడేమో అనుకున్నాను. వెళ్ళిపోయాడు.

20 ఫిబ్రవరి

అమ్మకి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

23 ఫిబ్రవరి

ఎత్తలేదు.

6 ఏప్రిల్

డాక్టరు గారి సాక్ష్యం కూడా అయింది. ఉప్పు బంధువులు తెచ్చిందేననీ, విడిగా తీసి సీలు వెయ్యలేదనీ ఒప్పుకున్నారట. "చాలా మంచాయనమ్మా, అబద్ధమాడలా" అన్నారు తిరుపతిరావు గారు. ల్యాబ్ ఆయన్ని పిలిపించమన్న పిటిషన్ మాత్రం కొట్టేశారు.

22 జూలై

తీర్పు. సంశయలబ్ధి కింద విడుదల.

ల్యాబ్ తప్పు చేసిందని జడ్జి గారు అనలేదు. వదిన చెయ్యలేదని కూడా అనలేదు. ఉప్పు విషయంలో సందేహం ఉంది కాబట్టి, అన్నారు. అన్నయ్య దేని వల్ల పోయాడో ఆ కాగితాల్లో ఎక్కడా లేదు.

మెట్ల కింద ఒక విలేకరి తిరుపతిరావు గారిని అడిగాడు: "టెక్నికల్ పాయింట్ మీద బయటపడ్డారన్నమాట?" ఆయన ఏదో చాలాసేపు చెప్పారు. అతను తల ఊపుతూ ఫోన్‌లో వేరే ఏదో చూసుకున్నాడు.

అమ్మ రాలేదు.

23 జూలై

పేపరులో: "విషం కేసులో భార్యకు ఊరట. ఉప్పుపై సందేహంతో వీగిన కేసు." ఈసారి ఫోటోలో అన్నయ్య భుజం లేదు.

27 జూలై

వదిన విడుదలై నేరుగా మా ఊరు వెళ్దామంది, బట్టలూ మిషనూ తెచ్చుకోవాలని. ఇద్దరం వెళ్ళాం. అమ్మ తలుపు తీసి, పక్కకి తప్పుకుని, వసారాలో కూర్చుంది.

"అత్తమ్మా, మోకాళ్ళు ఎట్టున్నయ్?"

అమ్మ జపమాల తిప్పుతూనే ఉంది.

మిషను మీద రావమ్మ గారి జాకెట్ గుడ్డ ఇంకా ఉంది, రెండేళ్ళ కిందటిది, చేతులు కుట్టకుండా. వదిన దాన్ని మడిచి ప్రహరీ మీద పెట్టి, "పిన్నీ, మీ గుడ్డ" అని కేకేసింది. రావమ్మ గారు లోపలే ఉన్నారు. రాలేదు. ఆటో వచ్చేదాకా గుడ్డ గోడ మీదే ఉంది.

ఆటోలో వదిన మిషనుని చంటిపిల్లలా పట్టుకుని కూర్చుంది. బందరు కాలవ పక్కన వస్తుంటే, "మొత్తానికి విజయవాడ వచ్చేస్తున్నా క్రిస్టీ. మీ అన్న వద్దన్నాడు గానీ" అంది. కాసేపటికి ఏడ్చింది. అన్నయ్య కోసం ఆమె ఏడవడం పోస్టుమార్టం రోజు తర్వాత మళ్ళీ ఇప్పుడే చూశాను. అక్కడ రెండేళ్ళూ ఏడిచే ఉంటుంది.

హాస్టల్ ఖాళీ చేశాను. సత్యనారాయణపురంలో మేడ మీద ఒక గది, చిన్న వంటిల్లు. ఇద్దరికి సరిపోతుంది.

2 ఆగస్టు

ఒకసారి నిద్రలోంచి లేచి చూస్తే వదిన కూర్చునే ఉంది. లైట్ ఆర్పేస్తే నిద్ర రావడం లేదట, అక్కడ ఎప్పుడూ లైట్ వెలిగే ఉండేదట. వెలిగించి పడుకున్నాం.

9 ఆగస్టు

మొదటి గిరాకీ. ఎదురింటి అమ్మాయి డ్రెస్సు. వదిన పాడుకుంటూ కుట్టింది. "నీకొక్క మంచి జాకెట్ కుట్టిస్తే చాలు, పుస్తకాల్లోంచి తలెత్తి జనాన్ని చూస్తావు" అని నన్ను ఏడిపిస్తోంది.

నాకు ఆమె మీద ఏ అనుమానమూ లేదు. ఉండి ఉంటే ఇక్కడికి తెచ్చుకునేదాన్నే కాదు.

15 ఆగస్టు

అమ్మ ఫోన్ ఎత్తింది. "తిన్నావా?" అంది. తిన్నానన్నాను. "జాగ్రత్త" అని పెట్టేసింది.

ఏ అనుమానమూ లేదు.

24 ఆగస్టు

కింద ఇంటివాళ్ళ కోడలు సాయిశ్రీ గారు మెట్ల మీద ఆపారు. "ఏమనుకోకండి. మీ వదిన గారేనా ఆ పేపర్లో..." అని మిగతాది మింగేశారు.

నేను తల దించుకోలేదు. అవునండీ అని, అక్కడే నిలబడి మొదటి నుంచి చెప్పాను. డబ్బాల్లో ఉప్పు ఎందుకు వేస్తారు, మా పాకలో సంచి, బాబాయి కట్టిన తెల్ల పొట్లం, ల్యాబ్ వాళ్ళు ఒకదాన్ని ఇంకోదానితో పోల్చి చూసుకోవడం. ఎక్కడా తడబడలేదు. కోర్టులో కూడా ఇంత బాగా చెప్పలేదు. ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుని విన్నారు.

"అయ్యో, ఉప్పు వల్లా? అన్యాయంగా రెండేళ్ళు పెట్టేశారా ఆ మనిషిని? ఎంత సైన్సయినా పంపేది మనుషులే కదండీ."

నమ్మారు. పూర్తిగా నమ్మారు. సాయంత్రం రెండు జాకెట్ గుడ్డలు పట్టుకుని పైకి వచ్చి, వదిన పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడి, ఆమె కలిపిచ్చిన నిమ్మరసం తాగి వెళ్ళారు. నాకూ ఒక గ్లాసు పెట్టింది వదిన. ప్రూఫులు ఉన్నాయి, తర్వాత తాగుతానన్నాను.

ఈ గదికి వచ్చిన రోజు నుంచి వదిన చేత్తో ఇచ్చింది ఏదీ నేను తినలేదు, తాగలేదు.